తాడు పట్టిన చేతులు

మధ్యాహ్నం వేళ. మూడో అంతస్తులో మూసి ఉన్న తలుపు. లోపల భార్య, బయట మెట్ల దగ్గర భర్త.

"తియ్యకపోతే పోనీ, మాట్లాడు. ఉన్నావా అసలు?"

"ఉన్నా. ఇందాకట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాగా."

"గొంతు అదోలా ఉంటేనూ. జలుబు చేసిందా?"

"తలుపు అడ్డం ఉంది. అంతే."

"గొలుసు పెట్టుకునే తియ్యి. వేలెడు సందు చాలు."

"వద్దు."

"తాగలేదే బాబూ. ఆర్నెల్లయింది. కావాలంటే ఆ సందులోంచి ఊదుతా, వాసన చూసుకో."

"పోలీసులకి ఊదు. నాకెందుకు."

"నవ్వావ్."

"లేదు."

"నవ్వావ్. ముక్కుతో నవ్వితే నాకు తెలీదనుకున్నావా?"

"మీరంతా కొండ ఎప్పుడు దిగారు?"

"పొద్దున. సరాసరి ఇటే. స్నానం కూడా లేదు, నా కంపు నాకే కొడుతోంది. అసలు ముందు మందు మాన్పించే సెంటర్‌కి పోయి, అక్కడ పద్ధతులన్నీ అయ్యాక ఇళ్ళకి పంపుతారు. నేను ప్రాణం తీస్తే సెంటర్ మేడం వ్యాన్‌లో ఇక్కడ దింపింది. ఔనూ, నువ్వేంటి ఈ టైమ్‌కి ఇంట్లో? కళ్ళజోళ్ళ షాపు మూశారా?"

"సెలవు పెట్టా."

"నేనొస్తున్నానని తెలిసా?"

"తలనొప్పిగా ఉండి."

"కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ తలనొప్పంటే జనం నవ్వుతారు."

"నవ్వనీ."

"లిఫ్టు ఇంకా అలాగే ఉందేంటి? మూడంతస్తులూ ఎక్కొచ్చా."

"బాగుచేసే మనిషి కొండలెక్కుతున్నాడుగా."

"అది దెప్పిపొడుపా?"

"నిజం. మీ లిఫ్టు కంపెనీ వాళ్ళే ఎవరో వచ్చారు. చూశారు, తలలూపారు, పోయారు. మధ్యలో ఆగిపోతుంది, తలుపు తెరుచుకోదు."

"తలుపు దగ్గరి కాంటాక్టు అరిగుంటుంది. దానికి తలలూపడం ఎందుకు, పది నిమిషాల పని. రేపు పొద్దున నేను చూస్తాలే."

"రేపు పొద్దునా?"

"ఇక్కడే ఉంటాగా. లేవగానే చూస్తా."

"ముందు కొండ గురించి చెప్పు."

"తలుపు తీస్తే కూర్చుని చెప్తా."

"నిలబడే చెప్పు."

"సరే, మెట్టు మీద కూర్చుంటా. అబ్బా... మోకాళ్ళు పట్టేశాయి. ఏం చెప్పమంటావ్? మొదటిరోజైతే వెనక్కి పారిపోదామనుకున్నా. వీపు మీద మూట, దాంట్లో టెంటు, బియ్యం, గిన్నెలు. తాగుబోతులని బాగుచేస్తారంటే మందులిస్తారనుకున్నా గానీ గాడిద చాకిరీ చేయిస్తారనుకోలేదు."

"ఎంతమంది వెళ్ళారు?"

"ఎనిమిది మందిమి, పైన మేడం. నా టెంట్లో బస్సు డ్రైవరన్న, లెక్కల మాస్టారు. ఆ మాస్టారు నిద్రలో ఎక్కాలు చదువుతాడే! పదిహేడో ఎక్కం. ఒకచోట తప్పు చదువుతాడు, మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకుంటాడు. డ్రైవరన్న లేచి కూర్చుని, 'ఒరే, ఎవరైనా వీడికి నూటపందొమ్మిది అని చెప్పండ్రా, పడుకుంటాడు' అని గోల."

"హుఁ."

"మళ్ళీ నవ్వావ్."

"చెప్పు."

"ఆకలేసింది. అదే నాకు వింత. ఎన్నేళ్ళయిందో ఆకలేసి. అన్నం ఉడుకుతుంటే గిన్నె చుట్టూ పిల్లల్లా కూర్చున్నాం. నా చేతులు చూసుకున్నా, వణకట్లేదు. అగ్గిపుల్ల ఒక్కసారికే వెలిగించా. నువ్వుంటే బాగుణ్ణనిపించింది. పక్కనున్న మాస్టారికి చెప్పా, 'మా ఆవిడ చూడాలి ఇది' అని. 'అగ్గిపుల్లా?' అన్నాడు. ఆయనకేం తెలుసు."

"నాకు తెలుసు."

"నీకు తెలుసు. నా చేతులు వణికే రోజుల్లో గ్లాసు నోటిదాకా పట్టింది నువ్వేగా."

"అవన్నీ ఎందుకిప్పుడు. రాళ్ళెక్కారంటగా?"

"నీకెవరు చెప్పారు?"

"...మేడం ఫోన్ చేసింది. పొద్దున."

"నాకు చెప్పలేదే! ఏమంది?"

"దిగారు, క్షేమం, అంది. అంతే. రాళ్ళ సంగతి చెప్పు."

"పెద్ద బండ. మన బిల్డింగ్ అంత నిటారుగా. నడుముకి పట్టీ కట్టి, దానికి తాడు కడతారు. ఒకడు ఎక్కుతుంటే ఒకడు కింద తాడు పట్టుకుంటాడు. బండలో అక్కడక్కడా ఇనప రింగులు దిగ్గొట్టి ఉంటాయి. రింగు దగ్గరికి చేరాక ముందు మనల్ని మనం దానికి కట్టుకోవాలి, ముడి లాగి చూసుకోవాలి, ఆ తర్వాత 'నిలబడ్డా, వదిలెయ్' అని అరవాలి. అది వినేదాకా కిందవాడు తాడు వదలకూడదు. ఉరుమొచ్చినా, మెరుపొచ్చినా, తేలు కుట్టినా సరే."

"వాడి చేతులు నొప్పెడితే?"

"దానికీ మాటుంది. 'చేతులు అలిసాయి' అని అరవాలి. మేడం మొదటిరోజే చెప్పింది, చేతులు అలిసాయని చెప్పడం తప్పు కాదు, చెప్పకుండా పట్టుకోవడం తప్పు అని. అలా అరిస్తే పైవాడు ఎందుకు, ఏంటి, ఇంకాసేపు పట్టుకోరాదా అని అడక్కూడదు. మారుమాట లేదు. దగ్గర్లో ఏ రింగుంటే దానికి కట్టుకుని జవాబు చెప్పాలి."

"ఏ రింగుంటే దానికా?"

"ఆఁ. నచ్చినా నచ్చకపోయినా."

"బాగుంది."

"బాగుంటుంది వినడానికి. నేనేం చేశానో చెబితే తిడతావ్."

"చెప్పు."

"తిట్టనను."

"తిట్టే ఓపిక లేదులే, చెప్పు."

"మూడోరోజు. సగం పైకెళ్ళా. చెమటతో కళ్ళు కనపడట్లేదు. కింద డ్రైవరన్న తాడు పట్టుకుని, 'తమ్ముడూ, ఎలా ఉన్నావ్?' అన్నాడు. ఇంకా కట్టుకోలేదు, రింగు చేతికందుతోందంతే. నోట్లోంచి అదే వచ్చేసింది. 'నిలబడ్డా' అన్నా."

"కట్టుకోకుండానా?"

"కట్టుకోకుండానే. ఎందుకన్నానో తెలీదు. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే బాగున్నా, బాగున్నా అని ఇన్నేళ్ళూ అలవాటైపోయిందిగా. నీతో అన్నా, మేనేజరుతో అన్నా, డాక్టరుతో అన్నా. బండకి కూడా అదే చెప్పా."

"అయ్యో..."

"ఆయన పాపం నమ్మాడు. నమ్మి తాడు వదులు చేశాడు. నేను జారా. జారుతుంటే పరిగెత్తే తాడుని ఒట్టి చేతుల్తో పట్టేశాడు. అలా పట్టకూడదంట, పట్టాడు. నేను ఆగిపోయా. నాకు మోచెయ్యి గీరుకుపోయిందంతే. ఆయనకి రెండు అరచేతుల తోలూ ఊడొచ్చింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతులు నీళ్ళలో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. 'కట్టుకున్నావనుకున్నా తమ్ముడూ, నువ్వు చెప్పావనే కదా వదిలా' అంటాడు. అదొక్కటే మాట. ఆ పూట నేను అన్నం తినలేకపోయా. నాకు నువ్వు గుర్తొచ్చావ్."

"నేనెందుకు?"

"ఎందుకేంటి? ఇన్నేళ్ళూ పట్టుకున్నది ఎవరు? నీ అరచేతులు చూడలేదు నేను ఏనాడూ."

"నా అరచేతులు బాగానే ఉన్నాయి."

"ఇప్పుడు నువ్వు చెప్తున్నావ్ బాగున్నా అని."

"మూడంతస్తులు ఈడ్చానయ్యా నిన్ను. ఇవే మెట్లు. లిఫ్టు మెకానిక్ పెళ్ళాన్ని, లిఫ్టు పనిచెయ్యని రోజుల్లో. ఒక మెట్టు నువ్వు, ఒక మెట్టు నీ చెప్పు. అప్పుడు కూడా నాకు చేతులు నొప్పి తెలీలేదు. ఎవరైనా చూస్తారేమోనన్న భయమే ఉండేది."

"ఇంక ఈడ్చక్కర్లేదు. నేనే ఎక్కి వచ్చా, చూడు. అసలు నీకోటి చూపించాలి. తలుపు తీస్తే చూద్దువు. పోనీ చెప్పేస్తా. మన చిట్టికి బూట్లు తెచ్చా."

"ఏంటీ?"

"బూట్లు. కొండెక్కేవి, చిన్న సైజువి. మేడం కూతురివంట, బిగుతైతే స్టోర్‌లో పెట్టింది. అడిగి తెచ్చా. వచ్చే ట్రిప్పుకి ఇంట్లో వాళ్ళని తీసుకురావచ్చంట. లేసులు ఎర్రవి. దానికి ఎరుపంటే..."

"బూట్లు ఎందుకు తెచ్చావ్?"

"ఎందుకేంటి?"

"ఇంకేమీ దొరకలేదా నీకు? రిబ్బను, పెన్సిలు, ఏదో ఒకటి. బూట్లే తేవాలా?"

"ఏమన్నానిప్పుడు? అంత కోపం దేనికి?"

"కోపం కాదు. సరిపోవు. పెరిగింది."

"ఒక సైజు పెద్దవే తెచ్చా. దూది కుక్కితే..."

"సరిపోవన్నానా? తీసుకుపో."

"సరే. సరేలే. అరవకు, ఎదురింట్లో తలుపు తీస్తున్నారు. లోపలికొచ్చాక మాట్లాడుకుందాం."

"ఎవరూ ఆ మెట్ల మీద? ఎవరితో అమ్మాయ్ మాటలు?"

"నేనే అత్తయ్యగారూ. లేవకండి, మీ మోకాళ్ళు..."

"ఓహో, అల్లుడా! ఎదురింట్లో నేనుండగా మెట్ల మీద కూర్చున్నావేంటయ్యా? ఏదీ, ఇటు తిరుగు. నల్లబడ్డావు, చిక్కావు. కళ్ళు మాత్రం తెల్లబడ్డాయి. బాగుంది. మనిషిలా ఉన్నావు."

"ఇంతకుముందు ఎలా ఉన్నానండీ?"

"అడక్కు, చెప్తా. అమ్మాయ్! ఏంటిది? మొగుడు కొండలు దిగొస్తే తలుపేసుకుంటావా?"

"పిన్నిగారూ, మీరు లోపలికెళ్ళండి. నేను మాట్లాడుతున్నా."

"మాట్లాడుతున్నావు, తలుపుతో. చూడూ, నీకు తల్లి లేదు కాబట్టి నేను చెప్తున్నా. దేన్నయినా తెగేదాకా లాగకూడదు. మగాడు బాగుపడొచ్చాడంటే ఎంత అదృష్టం? మా ఆయన బాగుపడకుండానే పోయాడు."

"పిన్నిగారూ, దయచేసి..."

"ఏం దయచెయ్యడం? అర్ధరాత్రి నీ కూతురు మా తలుపు బాదితే తీసిందెవరు? నేను కాదూ? అందుకని నాకు మాట్లాడే హక్కుంది. ఆ పిల్ల కూడా ఇప్పుడు నిమ్మళంగా ఉంది. ఇంక మా ఇంటికి పరిగెత్తాల్సిన పనిలేదని బూట్లు విప్పేసి మరీ పడుకుంటోందని నువ్వేగా చెప్పావు..."

"పిన్నిగారూ!"

"ఏమన్నాను?"

"బూట్లు విప్పేసి అంటే ఏంటండీ?"

"ఆవిడ ఏదో అంటున్నారు. నువ్వు విడిచిపెట్టెయ్."

"అత్తయ్యగారూ. బూట్లు ఏంటండీ?"

"అయ్యో, నీకు తెలీదా అల్లుడూ? తెలుసనుకున్నా. నా నోట్లో మన్ను పొయ్య."

"చెప్పండి."

"నేను చెప్పను. మీ ఆవిడ చెప్తుంది. నేను లోపలికెళ్తా. ఛీ, ముసలి నోరు. అమ్మాయ్, నన్ను తిట్టుకోకే."

"అత్తయ్యగారు తలుపేసుకున్నారు. ఇప్పుడు చెప్పు."

"వద్దు. ఇంకో రోజు."

"నీళ్ళు నమలకు. చెప్పు."

"బడి బూట్లు వేసుకుని పడుకునేది. అంతే."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను? నువ్వు వచ్చేసరికి ఎలా వస్తావో తెలీదుగా. గిన్నెలు ఎగిరితే లేచి ఎదురింటికి పరిగెత్తాలి. ఒకసారి గాజు పెంకు గుచ్చుకుంది కాలికి. అప్పట్నుంచీ బూట్లు వేసుకుని, లేసులు కట్టుకుని, దుప్పటి కప్పుకునేది. నేను చెప్పలేదు. దానికదే నేర్చుకుంది."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాడివి? కుమిలిపోయేవాడివి. కుమిలిపోతే ఏం చేస్తావో నాకు తెలుసు."

"..."

"ఏడవకు. ఏయ్. మెట్ల మీద ఏడవకు."

"నేను... ఆ బూట్లు... దాని కోసం బూట్లు పట్టుకొచ్చా నేను."

"నీకు తెలీదుగా."

"ఎర్ర లేసులని మురిసిపోయా. దారంతా వ్యాన్‌లో ఒళ్ళో పెట్టుకుని వచ్చా."

"నీకు తెలీదు. ఊరుకో."

"నేను సెంటర్‌కి వెళ్ళాక మానేసిందా?"

"వెంటనే మానలా. చాలా రోజులు అలాగే. నిద్రపోయాక విప్పుదామని చెయ్యేస్తే కాళ్ళు ముడుచుకునేది. మొన్నీమధ్య ఒకరోజు పొద్దున లేచి చూస్తే బూట్లు మంచం కింద ఉన్నాయి. రెండూ పక్కపక్కన, బుద్ధిగా. దాని కాళ్ళు దుప్పట్లోంచి బయటికున్నాయి. ఒట్టి కాళ్ళు. వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చా, అది వింటుందని."

"నేను మారాను."

"తెలుసు."

"తెలుసా?"

"గొంతు వింటే తెలీదూ? నవ్వులో కూడా తెలుస్తోంది. మారావు. అందుకే ఇంతసేపు నిలబడి మాట్లాడుతున్నా."

"మరి ఇంకేంటి?"

"నాకు తెలుసు. దానికి తెలీదు. దాని కాళ్ళకి తెలీదు. ఇవాళ నువ్వు లోపలికొస్తే ఇవాళే అది బూట్లు వేసుకుని పడుకుంటుంది."

"మెల్లగా తెలుస్తుందిగా. రోజూ చూస్తుంటే..."

"రోజూ చూస్తూ, రోజూ భయపడుతూ, రోజూ నీ మొహంలో ఏముందో వెతుకుతూ. నేనూ అంతే. మెట్ల మీద అడుగు తప్పితే నా గుండె ఆగుతుంది. నువ్వు ఆర్నెల్లు తాగలేదు. నేను ఆర్నెల్లు నిద్రపోయాను. ఇన్నేళ్ళలో మొదటిసారి."

"అంటే నామీద ప్రేమ పోయిందా?"

"పోతే తలుపు తీసేదాన్ని."

"అదేం మాట?"

"అదే మాట. పోతే తలుపు తీసి, ఎదురుగా నిలబడి, ఇంక రావద్దని చెప్పి పంపేదాన్ని. తీస్తే నీ మొహం చూస్తా. చూస్తే మళ్ళీ పట్టుకుంటా. నాకు నా సంగతి తెలీదూ? చెయ్యి గీరుకుపోయిందన్నావే, అప్పుడే సగం తీశా గడియ."

"చాలా చిన్న దెబ్బే."

"మందు రాశారా?"

"రాశారు."

"నీళ్ళు తగలనివ్వకు."

"నేను మళ్ళీ తాగుతానని భయమా?"

"తాగుతావనీ భయం, తాగవనీ భయం. తాగితే మళ్ళీ ఈడ్వాలి. తాగకపోతే, ఎప్పుడు తాగుతావోనని కాపలా కాయాలి. నువ్వు వస్తావని ఎదురుచూశా, తాగి వస్తావని ఎదురుచూశా, రానే రావని ఎదురుచూశా. మూడు రకాలుగా. ఇంక ఎదురుచూడటం నావల్ల కాదు."

"విడిపోదామంటావా?"

"కాగితాల సంగతి కాదు. నాకు పేరు తెలీదు దానికి."

"నాకు వేరే చోటు లేదే. మేడం అడిగింది. సెంటర్‌లో తాళ్ళ గది ఉంది. తాళ్ళు, కొక్కేలు, పట్టీలు అన్నీ అక్కడే ఉంటాయి. ప్రతి ట్రిప్పుకీ ముందు ఒక్కో తాడూ తడిమి చూడాలి, ఎక్కడ అరిగిందో. లిఫ్టు తాళ్ళు చూసినవాడివి నీకు బాగా తెలుస్తుంది, అక్కడే ఉండి చెయ్యి, మంచం కూడా వేయిస్తా అంది. వద్దన్నా."

"ఎందుకు వద్దన్నావ్?"

"నాకు ఇల్లుంది మేడం అన్నా. అందరి ముందూ అన్నా. గట్టిగా. డ్రైవరన్నకి ఇల్లు లేదు. మాస్టారిని వాళ్ళన్నయ్య రానివ్వడు. ఆ ఎనిమిది మందిలో ఇల్లున్నవాడిని నేనొక్కణ్ణే. ఎంత గొప్పగా చెప్పుకున్నానో తెలుసా? నూనె అయిపోతే 'మా ఇంట్లో అయితేనా' అనేవాణ్ణి. వాళ్ళు ఏడిపించేవాళ్ళు."

"మేడం కిందే ఉంది."

"ఎక్కడ?"

"కింద. వ్యాన్ వెళ్ళలేదు. నా పక్క కిటికీలోంచి కనిపిస్తోంది."

"నన్ను దింపి వెళ్ళిపోయిందిగా!"

"వెళ్ళలేదు. పొద్దున ఫోన్లో అడిగింది, తలుపు తీస్తారా అని. తియ్యలేనన్నా. సరే, అయితే నేను కిందే ఉంటా, అంది."

"తెలిసి కూడా నాకు చెప్పలేదు మీరిద్దరూ!"

"నువ్వే ఎక్కాలంది. ఎవరూ చెప్పకూడదంది."

"అందుకే దిగేటప్పుడు మూట లోపలే ఉంచెయ్ అంది. బూట్లు మాత్రం పట్టుకెళ్తా అన్నా. అలా చూసింది నా వంక... ఇదా సంగతి."

"చిట్టి బడి వదిలే వేళయింది. ఈ మెట్లే ఎక్కి వస్తుంది."

"ఒక్కసారి చూస్తా. ఏమీ మాట్లాడను."

"వద్దు."

"వ్యాన్‌లో కూర్చుని చూస్తా. అద్దం దించను. దానికి తెలీదు."

"...అలా అయితే చూడు. జడలు వేసుకోవట్లేదు ఇప్పుడు. జుట్టు కత్తిరించుకుంది. గుర్తుపట్టవేమోనని చెప్తున్నా."

"దాని నడక చాలు నాకు."

"ఒక మాట అడుగుతా. అడగనా?"

"అడుగు."

"కింద తాడు పట్టుకున్న మనిషి ఆడదైతే? పైనున్నవాడి పెళ్ళామైతే? అప్పుడు కూడా ఆ మాట చెప్పొచ్చా?"

"ఏ మాట?"

"నీకు తెలుసు."

"వద్దే. చెప్పకు."

"చెప్పకుండా పట్టుకోవడం తప్పన్నావుగా."

"నేనన్లేదు. మేడం అంది."

"నువ్వు నాకు చెప్పావు. తలుపు ఇవతల నిలబడి విన్నా. ఇన్నేళ్ళలో నువ్వు నాకు చెప్పిన మంచిమాట అదొక్కటే. దాన్ని వెనక్కి తీసుకోకు. నా చేతులు అలిసాయి."

"..."

"వింటున్నావా? నా చేతులు అలిసాయి."

"విన్నా."

"మారుమాట లేదన్నావు."

"లేదు. ఏమీ అనట్లేదు."

"అయితే జవాబు చెప్పు."

"ఉండు. చెప్పకూడదు ఇంకా. కట్టుకోలేదు. ఒక్క నిమిషం పట్టుకో, ఒక్క నిమిషమే. లేవనీ... మేడం! మేడం! ఈ మెట్ల కిటికీలోంచి వినపడుతోందా?"

"వినపడుతోంది! చెప్పు!"

"ఆ తాళ్ళ గది ఎవరికైనా ఇచ్చేశారా?"

"ఎవరికీ ఇవ్వలేదు!"

"నేను తీసుకుంటా!"

"గట్టిగా చెప్పు, బస్సు పోతోంది!"

"తాళ్ళ గది! నేనే ఉంటా అందులో! పనికొస్తా!"

"సరే! రా! నీ మూట ఇక్కడే ఉంది!"

"వస్తున్నా! ...విన్నావా?"

"విన్నా. బిల్డింగంతా విన్నది."

"నాకు నచ్చిన రింగు కాదది. దగ్గర్లో అదొక్కటే ఉంది."

"గట్టిగా ఉందా?"

"ఉంది. లాగి చూసుకున్నా."

"ఆ డ్రైవరన్నతో అన్నట్టు కాదుగా?"

"కాదు. నీ మీదొట్టు అనను, ఒట్లన్నీ వాడేశా. ఉత్తినే చెప్తున్నా. కాదు."

"లిఫ్టు..."

"వేరే కుర్రాళ్ళకి ఫోన్లో చెప్తా. తలుపు కాంటాక్టు మార్చమని. అత్తయ్యగారి మోకాళ్ళు బాగాలేవు."

"బూట్లు?"

"తీసుకెళ్తున్నా. గుమ్మంలో పెట్టనులే. ఒక్కటి చెప్పు, వెళ్ళిపోతా. నీ చెయ్యి ఎక్కడుందిప్పుడు?"

"గడియ మీద."

"ఎప్పట్నుంచి?"

"నువ్వొచ్చినప్పట్నుంచీ. చెప్పు. నువ్వు చెప్తే గానీ నేను తియ్యకూడదుగా దీని మీంచి చెయ్యి. చెప్పవయ్యా, అది వచ్చే వేళయింది."

"నిలబడ్డా. వదిలెయ్."